వచ్చే వార్త, తెచ్చే వార్త

2021 నవంబరు వానలకు తిరుపతిలో చాలా వీధులు మునిగాయి. వరద తీశాక శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో వింత జరిగింది. నేలలో పాతిన సిమెంటు వరల నీటి తొట్టిలోకి దిగి ఒకామె శుభ్రం చేస్తుండగా, ఆ తొట్టి ఉన్నట్టుండి భూమిలోంచి పైకి లేచింది. మనిషి ఎత్తు దాటి స్తంభంలా నిలబడింది. ఆమె చిన్న గాయాలతో బయటపడింది. చూస్తుండగానే ఆ వీడియో ఊరంతా చుట్టి, దేశం మీద పడింది. స్వామివారి మహిమ అన్నవారు కొందరు, భూకంపానికి ముందు గుర్తు అన్నవారు కొందరు.

కారణం మాత్రం వంటింట్లో అర్థమయ్యేంత మామూలుది. ఖాళీ బిందెను నీళ్ల తొట్టిలోకి నొక్కి చెయ్యి వదిలితే ఏమవుతుంది? అదే అయింది. రోజుల తరబడి కురిసిన వానకు భూగర్భజలం నేల మట్టం దాకా వచ్చింది. వరలలో నీళ్లున్నంత కాలం ఆ బరువు తొట్టిని అణచిపెట్టింది. కడగడానికి తోడేయగానే అది ఖాళీ బిందె అయింది, చుట్టూ ఉన్న నీరు దాన్ని పైకి తోసింది.

నాలుగు వాక్యాలే. కానీ ఈ నాలుగు వాక్యాలు రాయాలంటే ఒక మనిషి ఆ ఇంటికి వెళ్లాలి, ఎన్ని వరలో లెక్కపెట్టాలి, తోడింది ఎప్పుడో అడగాలి, భూగర్భశాస్త్రం తెలిసినవారిని పట్టుకోవాలి. తర్వాత ఆఫీసులో కూర్చున్న పెద్దాయన ఒకరు కాగితం తిరగేసి, “మరి పక్కింటి తొట్టి ఎందుకు లేవలేదు?” అనాలి. దానికి జవాబు దొరికాకే వార్త అచ్చుకు వెళ్లాలి. (పక్కింటి తొట్టి నిండుగా ఉంటే లేవదు, అంతే.)

వీడియో దానంతట అదే వచ్చే వార్త. వివరణ ఎవరో వెళ్లి తెచ్చే వార్త. పత్రికారంగానికి డిజిటల్ యుగం తెచ్చిన చిక్కును గురించి సభల్లో చాలా మాట్లాడతారు. అందులో ఎక్కువ భాగం కాగితం గొప్పా తెర గొప్పా అన్న వాదనే. అది నాకు పెద్దగా పట్టదు. వచ్చే వార్త ఉచితమైపోయింది, తెచ్చే వార్తకు డబ్బు పెట్టేవాడు కనబడటం లేదు. చిక్కుముడి ఇక్కడుంది, దీన్నే విప్పి చూద్దాం.

ఇన్నాళ్లూ ఆ డబ్బు పాఠకుడు పెట్టాడనుకుంటే పొరపాటు. పేపరుకు మనం ఇచ్చే ధర దాని కాగితానికీ, ముద్రణకూ, ఏజెంటు కమీషనుకూ సరిపోదు. పేపరు అంటే ఒక కట్ట. అందులో తిరుపతి ప్రతాప్ థియేటరులో ఏ సినిమా ఆడుతోందో ఉండేది, గ్రూప్ థియేటర్లలో ఏది మారిందో ఉండేది. వరుడు కావలెను ఉండేది. కొర్లగుంటలో ఇల్లు అమ్మబడును ఉండేది. పంచాయతీరాజ్ శాఖ టెండరు నోటీసు, తప్పిపోయినవారి ఫొటో, దశదినకర్మ ఆహ్వానం, రాశిఫలం, బంగారం ధర, అన్నీ అందులోనే. పదో తరగతి ఫలితాల రోజు గుర్తున్నవారికి చెప్పనక్కర్లేదు. పేజీల కొద్దీ హాల్‌టికెట్ నంబర్లు చీమల బారుల్లా అచ్చయ్యేవి. ఇంటిల్లిపాదీ వేలు పెట్టి వెతికేవారు. నంబరు కనబడకపోతే అచ్చుతప్పేమోనని పక్కింటివాళ్లు తెప్పించే మరో పేపరు కూడా అడిగి తెచ్చి చూసేవారు. అందులోనూ కనబడకపోతే ఆ ఇంట్లో ఇక ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఇలా ఎవరికి కావలసిన ముక్క కోసం వారు కట్ట మొత్తం కొన్నారు. అంతమంది కొంటున్నారు కాబట్టి గాంధీరోడ్డు బట్టల దుకాణం ప్రకటన ఇచ్చింది. ఆ డబ్బులో కొంత, ఎవరూ అడగని పని చేసే విలేకరికి పోయింది. మున్సిపల్ సమావేశంలో మూడు గంటలు కూర్చుని, చివర్లో చప్పుడు కాకుండా ఆమోదించిన ఒక తీర్మానాన్ని పట్టుకొచ్చే పని అది. అటువంటి వార్త కోసమే పేపరు కొన్నవారు ఎప్పుడూ తక్కువే. సినిమా ప్రకటన ఆ వార్తను మోసింది.

ఫోను వచ్చి ఈ కట్ట తాడు విప్పేసింది. ఫలితాలు వెబ్‌సైటుకు పోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలయ్యాక టెండర్లు మెల్లగా ఆ దారి పట్టాయి. సంబంధాలు పెళ్లి సైట్లకు, ఇళ్లు స్థలాల సైట్లకు, సినిమా వేళలు టికెట్ల యాప్‌కు వెళ్లిపోయాయి. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా, వేగంగా, చాలావరకు ఉచితంగా దొరుకుతోంది. పాఠకుడిని తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు, నేనూ అలాగే చూస్తాను. మిగిలింది మున్సిపల్ తీర్మానం. అది విడిగా అమ్ముడుపోదు.

బట్టల దుకాణం సంగతి కూడా చూడాలి. పావు పేజీ ప్రకటన ఇస్తే అది ఎక్కడో దూరాన ఉన్న సత్యవేడులోనూ కుప్పంలోనూ కూడా అచ్చయ్యేది. కుప్పం నుంచి పట్టుచీర కోసం గాంధీరోడ్డుకు ఎంతమంది వస్తారు? యజమానికి ఆ సందేహం ఎప్పుడూ ఉండేది, వేరే దారి లేక ఇచ్చేవాడు. ఇప్పుడు గూగుల్‌కో, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటాకో రోజుకు కొన్ని వందలు కడితే, తిరుపతికి ఇరవై కిలోమీటర్ల లోపు ఉండి ఈ నెలలో పెళ్లి చీరల కోసం వెతికినవారికే ఆ ప్రకటన కనబడుతుంది. ఎంతమంది చూశారో, ఎంతమంది నొక్కారో సాయంత్రానికి లెక్క వస్తుంది. పైగా ఆ చోటు కోసం క్షణక్షణం వేలం నడుస్తుంది. పేజీ తెరుచుకునే లోపల ఎవరు ఎక్కువ పాడితే వారి ప్రకటన అక్కడ పడుతుంది. పత్రిక తన వెబ్‌సైటులో ప్రకటన వేసుకున్నా చాలాసార్లు ఆ వేలం యంత్రాలే మధ్యలో ఉంటాయి, వాటి వాటా అవి తీసుకుంటాయి. కాగితం మీద రూపాయి తెచ్చిన పాఠకుడు తెర మీద పైసలు తెస్తాడు.

ఇదంతా నెమ్మదిగా జరగాల్సింది. మన దగ్గర తోసుకొచ్చింది. 2016 సెప్టెంబరు 5న జియో మొదలుకాక ముందు ఒక జీబీ డేటా సుమారు 250 రూపాయలు. రెండు మూడేళ్లలో అది పది పన్నెండు రూపాయలకు దిగింది. టీవీ చూడాలంటే ఇంటికి వెళ్లాల్సిన మేస్త్రీ చేతిలో టీవీ వచ్చి పడింది. తర్వాత కరోనా. పేపరు ముట్టుకుంటే వైరస్ అంటుకుంటుందన్న భయంతో 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో మానేసినవారిలో చాలామంది మళ్లీ వేయించుకోలేదు. ఆంధ్రభూమి దినపత్రిక అచ్చు ఆ రోజుల్లోనే ఆగింది. ఆ వెంటనే 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి, రష్యా నుంచి రావలసిన న్యూస్‌ప్రింట్ దెబ్బతిని కాగితం ధర ఆకాశానికంటింది. ఒకదాని గాయం మానకముందే ఇంకొకటి.

జిల్లాకు ఇందులో ప్రత్యేకమైన నష్టం ఉంది. తెలుగు పత్రికలు పల్లెలోకి బాగా దిగాయి. 1989లో ఈనాడు జిల్లాకొక టాబ్లాయిడ్, అంటే చిన్న సైజు అనుబంధం, మొదలుపెట్టింది, మిగతావి అనుసరించాయి. దానితో మండలానికొక విలేకరి అవసరమయ్యాడు. అంతకుముందు పేపర్లో పడాలంటే ఊళ్లో హత్యో అగ్నిప్రమాదమో జరగాలి. ఆ తర్వాత బోరు పాడైనా పడేది. దీని బలమేమిటో పక్కనున్న నెల్లూరు జిల్లా చూపించింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడితే, జిల్లా పేజీలు ఆ కథను ఊరి నుంచి ఊరికి మోశాయి. ఒక ఊరి సంగతి చదివి ఇంకో ఊరు కదిలింది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. పత్రికలే ఉద్యమాన్ని పుట్టించాయనడం అతిశయోక్తి, అది ఆడవాళ్ల ఉద్యమం. కానీ రోజూ అచ్చుకాకపోతే అది జిల్లా దాటేదా అన్నది అడగదగ్గ ప్రశ్నే.

ఇక ఎవరూ ఎక్కువ మాట్లాడని సంగతి ఒకటి. ఆ మండల విలేకరికి జీతం ఉండేది కాదు. ఉద్యోగి కాదు, కంట్రిబ్యూటర్. అచ్చయిన వార్తలను కొలిచి, లైన్ల లెక్కన నెలకు కొంత ఇచ్చేవారు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టమూ, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించిన మజీఠియా వేతన మండలి సిఫారసులూ ఆఫీసు కుర్చీల దాకానే వచ్చాయి, మండలం దాకా రాలేదు. పైగా ఆగస్టు 15కో, సంక్రాంతికో ప్రకటనల టార్గెట్ ఉండేది. ఏ సర్పంచి మీద వార్త రాయాలో ఆ సర్పంచి దగ్గరికే శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లాలి. పాత జర్నలిజం పవిత్రమైనది, ఫోను వచ్చి చెడగొట్టింది అనేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది. పునాదిలో చెద అప్పటికే ఉంది.

నేను కూడా ఆ పని చేశాను, పాతికేళ్ల కిందట, పలమనేరు వైపు ఒక మండలంలో. ఒక రాత్రి ఘాట్ దారిలో బస్సు బోల్తా పడింది. చూసినవాళ్లు నలుగురు పోయారన్నారు, నేను అదే రాసి పంపాను. తొమ్మిదిన్నరకు డెస్కులో వార్తలు దిద్దే ఆయన నుంచి ఫోను. “నలుగురన్నావు. నువ్వు చూశావా, చెప్పగా విన్నావా?” విన్నానన్నాను. “వెళ్లి చూసి చెప్పు, పేజీ ఆపుతాను” అని పెట్టేశాడాయన. ఇరవై కిలోమీటర్లు బండి మీద ఆసుపత్రికి వెళ్తే, పోయింది ముగ్గురు. నాలుగో మనిషి ఊపిరితో ఉన్నాడు, అతని భార్య పక్కన కూర్చుని ఉంది. ఆ మనిషి పేరు నా వార్తలో మృతుల జాబితాలో ఉంది.

నా చేత ఆ ఇరవై కిలోమీటర్లు తిప్పించింది నా నిజాయితీ ఏమీ కాదు. నాకు పైన ఒకరున్నారు, ఆయన అడిగారు. పత్రికల్లో ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడల్లా మొదట పలచబడేది ఈ అడిగే మనుషులే. పాఠకుడికి వారి పేరు తెలియదు, ఫొటో పడదు, తీసేసినా మర్నాడు పేజీ వస్తూనే ఉంటుంది. టాబ్లాయిడ్లు ప్రధాన పత్రికలోని నాలుగు పేజీలుగా కుదించుకుపోయాయి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా మూడు ముక్కలై చిత్తూరుగా, తిరుపతిగా, కొంత అన్నమయ్య జిల్లాలోనూ చేరాక, ఆ పేజీలు కూడా మళ్లీ చీలాయి. చిత్తూరులో మామిడి గుజ్జు పరిశ్రమల గొడవ తిరుపతి పాఠకుడికి తెలియాలంటే ఇప్పుడు వాట్సాప్ దిక్కు.

ఆ వాట్సాప్‌లో “నువ్వు చూశావా?” అని అడిగే మనిషి లేడు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న సందేశాలు తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి తిరిగాయి. ఎక్కడివో ఫొటోలు, ఎవరిదో గొంతు, కింద మన ఊళ్ల పేర్లు. ఆ మే నెలలో, మనకు వేలూరు అవతల ఉండే తిరువణ్ణామలై జిల్లాలో, గుడికి బయలుదేరిన 65 ఏళ్ల మహిళ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు జనం కొట్టి చంపారు. అటువంటి ఘటనలు వరసగా జరిగాక జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో, ఎక్కువగా తిరిగిన సందేశాలకు ఆ హద్దును ఒక్క చాట్‌కు కుదించింది. వేగం తగ్గింది. కానీ అసలు తేడా వేగంలో లేదు. పేపర్లో తప్పు పడితే ఖండన కూడా ఆ పేపర్లోనే, ఆ పాఠకులకే, రెండు రోజులు ఆలస్యంగా అయినా చేరుతుంది. కోర్టుకు వెళ్లడానికి ఒక చిరునామా ఉంటుంది. గ్రూపులో తిరిగిన అబద్ధం ఎవరెవరి దగ్గరికి వెళ్లిందో పంపినవాడికే తెలియదు. సవరణను ఎవరికి పంపాలి?

తిరుమలలో ఈ కథ ఇంకో రూపంలో కనబడుతుంది. నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారు, తలనీలాలు ఎందరిచ్చారు, హుండీ ఆదాయం ఎన్ని కోట్లు, సర్వదర్శనానికి ఎన్ని గంటలు, ఈ లెక్కలు దేవస్థానం రోజూ తానే ఇస్తుంది. ఒకప్పుడు పేపరు మూలన చిన్న పెట్టెలో ఉండేవి. ఇప్పుడు పొద్దున్నే అవే అంకెలు వందల యూట్యూబ్ చానళ్లలో, వెనక సుప్రభాతం పెట్టి, తిరుగుతాయి. గుడి ముందు కెమెరాలు బారులు తీరి ఉంటాయి, ఏ సినిమా నటుడు వచ్చినా ఏ మంత్రి వచ్చినా బయటికి రాగానే మైకులు ముందుకు సాగుతాయి. స్వామిని ఏమి కోరుకున్నారు, దర్శనం ఎలా జరిగింది, అంతే. ఖర్చు లేదు, చూసేవారు లక్షల్లో. చూపుల లెక్క మీదే డబ్బు వచ్చే చోట, ఏ యువకుడైనా జిల్లా పరిషత్ సమావేశంలో కూర్చుంటాడా, మహాద్వారం ముందు నిలబడతాడా?

అలాగని కెమెరా ఫోను చేసిన మేలును తీసిపారేయలేం. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం బైరాగిపట్టెడలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అక్కడున్నవారి ఫోన్లలోని దృశ్యాలే ముందు లోకానికి చేరాయి. ఆ ఒత్తిడి లేకుండా ఎవరైనా సమాధానం చెప్పి ఉండేవారా అన్నది అనుమానమే. అయితే గేటు ఎవరు తీయమన్నారు, ఎందుకు తీశారు, వరస కదిలిందని జనం ఎందుకు అనుకున్నారు అన్నవి దృశ్యంలో లేవు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగాలి. న్యాయ విచారణ వేసింది కూడా అందుకే. విలేకరి పని దానికి చిన్న నమూనా, కాకపోతే ఆయనకు సమన్లు ఇచ్చే అధికారం లేదు, గడువు రాత్రి పదకొండు గంటలు.

నమ్మకం విషయానికి వస్తే, తెలుగు పత్రికలు తమ గోతిని తామే కొంత తవ్వుకున్నాయి. ఏ పేపరు ఏ పార్టీ వైపో టీ అంగడి దగ్గర చిన్నపిల్లాడు చెబుతాడు. ఒకే సభకు ఒక పేపర్లో జనసంద్రం, ఇంకో పేపర్లో ఖాళీ కుర్చీలు. రెండూ చదివి మధ్యలో ఎక్కడో నిజం ఉంటుందని అంచనా వేసుకోవడం మనకు అలవాటైన విద్య. ఇలా అలవాటైన పాఠకుడికి, ఫోనులో వచ్చినదీ ఎవరో ఒకరు తమ లాభానికి పంపిందే కదా, దీనికీ దానికీ తేడా ఏమిటి అనిపిస్తే ఆశ్చర్యం లేదు. తేడా ఉందని నేనంటాను, అడిగేవాడు ఉండటమే ఆ తేడా. కానీ ఆ మాట ఎలుగెత్తి చెప్పే ధైర్యం ప్రతి ఉదయం మొదటి పేజీ చూశాక కొంత తగ్గుతుంది.

ఇక మందులు. ప్రపంచం కొన్నిటిని ప్రయత్నించింది. 2021లో ఆస్ట్రేలియా, వార్తలకు గూగుల్, ఫేస్‌బుక్ పత్రికలతో బేరమాడి డబ్బు ఇవ్వాలని చట్టం చేసింది. 2023లో కెనడా అదే దారి పడితే, గూగుల్ ఏటా 10 కోట్ల కెనడా డాలర్లకు ఒప్పుకుంది, మెటా మాత్రం డబ్బు కట్టే బదులు ఆగస్టు నుంచి ఆ దేశంలో తన వేదికల మీద వార్తలనే ఆపేసింది. మన దేశంలో ఈనాడు సహా పెద్ద పత్రికలు సభ్యులుగా ఉన్న డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదు మీద 2022 జనవరిలో వ్యాపార పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్ మీద విచారణకు ఆదేశించింది. ఈలోగా ఆట మారిపోయింది. ఇప్పుడు గూగుల్‌ను ప్రశ్న అడిగితే కృత్రిమ మేధ జవాబే చెప్పేస్తోంది, పత్రిక గడప తొక్కాల్సిన అవసరమే లేదు. తమ వార్తలను అనుమతి లేకుండా వాడారని ఏఎన్ఐ వార్తా సంస్థ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ ఏఐ మీద దావా వేసింది. ఇవన్నీ పెద్దల మధ్య వాటాల తగాదాలు. గెలిచినా ఆ డబ్బు మండలం దాకా దిగుతుందన్న భ్రమ నాకు లేదు. పాఠకుడి నుంచే చందా తీసుకోవడం ఇంకో దారి. ఇంగ్లిషు పత్రికలకు అది కొంత నడిచింది. నెలకు సినిమాల యాప్‌కు కట్టేవారు తెలుగు వార్తకు కట్టడానికి వెనకాడతారు, పీడీఎఫ్ పొద్దున్నే గ్రూపులో వచ్చి పడుతుంటే ఎందుకు కడతారు?

మరి తెచ్చే వార్త పూర్తిగా ఆగిపోయిందా అంటే, లేదు. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, దాని మీద ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 వస్తాయని ప్రకటించారు. ఆ 12 అంకె నిమిషాల్లో అందరి ఫోన్లకూ చేరింది. వచ్చే వార్త కదా. ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి, 8 ఇవ్వడం లేదని రైతులు రోడ్డెక్కారు, కొందరు కాయలను అక్కడే పారబోశారు. ఇస్తున్నారని ఒక పక్షం, ఇవ్వడం లేదని ఇంకో పక్షం, ఎవరి వీడియోలు వారివి.

నాకు తెలిసిన ఒక కుర్రాడు, ఆ వైపు మండలంలోనే కంట్రిబ్యూటర్, వీడియోలు చూడటం మానేసి కాటా చీటీలు అడగడం మొదలుపెట్టాడు. బరువు ఎంత, తరుగు కింద ఎంత కోశారు, ధర ఎంత రాశారు. నలభై మందికి పైగా రైతులు చీటీల ఫొటోలు వాట్సాప్‌లోనే పంపారు. ధర గడి ఖాళీగా ఉన్నవి అందులో చాలా ఉన్నాయి. ఆ ఖాళీ గడులే వార్త అని అతనికి తట్టింది. నమ్మకం కుదరని పది పన్నెండు చీటీల కోసం బండేసుకుని ఆయా తోటలకు వెళ్లి అసలు కాగితం చూసి వచ్చాడు. నాలుగు రోజులు పట్టింది. రెండు కాలమ్‌ల వార్త పడింది, జిల్లా పేజీలో, కింద.

లైన్ల లెక్కన దానికి ఎంత వచ్చిందని అడిగాను. బంగారుపాళ్యం దాటాక బండికి రెండు పంక్చర్లు పడ్డాయనీ, వాటికే అంతకంటే ఎక్కువ అయిందనీ చెప్పి, మళ్లీ ఫోను చూసుకున్నాడు. ఇంకో చీటీ వచ్చింది.